పిట్ట ముట్టని ముద్ద: సినిమాలో కుటుంబ గాయం, తరగతి గదిలో క్షమ

కుటుంబంలో తగిలిన గాయాన్ని తెర మీద చూపించడం తెలుగు సినిమాకు మొదటి నుంచీ అలవాటే. తండ్రి మాట కింద నలిగిన కొడుకు, పుట్టింటి గడప తొక్కని ఆడపడుచు, వాటాల దగ్గర విడిపోయిన అన్నదమ్ములు, శిష్యుడి ప్రతిభను ఓర్వలేని గురువు ఎన్నో కథల్లో కనిపిస్తారు. ఈ కథలు చాలావరకు ఒకే ప్రశ్న దగ్గరికి చేరతాయి: సొంతవాళ్లే గాయపరిచినప్పుడు వాళ్లను క్షమించి తీరాలా? ఇతిహాసాలు, ధర్మశాస్త్రాలు, బైబిలు, ఖురాను, బౌద్ధ వినయం ఎవరి తీరులో అవి ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. సినిమా దాన్ని మనుషుల ముఖాల మీద చూపిస్తుంది. జాగ్రత్తగా వాడుకుంటే విద్యార్థికి సినిమా నేర్పే విషయం ఒకటుంది. నిజం తెలుసుకోవడం, క్షమించడం, మళ్లీ కలిసి బతకడం అనేవి మూడు వేర్వేరు పనులు. ఒకటి జరిగినంత మాత్రాన మిగతావి జరిగి తీరాలని లేదు.

కావ్యం వేసిన బాట

రామాయణం ఉత్తరకాండలో కుశలవులు రాముడి సభలోనే రామకథ పాడతారు. ఇంటి గాయానికి కారకుడైన మనిషి ఎదుట, ఆ గాయంలోంచి పుట్టిన పిల్లలే ఆ కథ వినిపించడం భారతీయ సాహిత్యంలో ఇంత పెద్ద ఎత్తున అక్కడే కనిపిస్తుంది. విన్న తర్వాత రాముడికి నిజం తెలుస్తుంది. సీతను పిలిపిస్తాడు. మరోసారి శీలాన్ని నిరూపించుకోవలసి వచ్చిన సీత మాత్రం తిరిగి రాదు. తల్లి భూమిని వేడుకుని ఆమె ఒడిలోకి వెళ్లిపోతుంది. అక్కడ నిజం బయటపడింది, పశ్చాత్తాపమూ కలిగింది, కాని కాపురం నిలబడలేదు.

8వ శతాబ్దానికి చెందిన భవభూతి ఇదే కథను ఉత్తరరామచరితం నాటకంగా మలిచి ముగింపు మార్చాడు. మొదటి అంకంలో సీతారాములు తమ గత జీవితాన్ని చిత్రాలుగా గీయించుకుని చూస్తారు. చివరి అంకంలో వాల్మీకి గంగ ఒడ్డున ఒక నాటకం ఆడిస్తాడు. అడవిలో విడిచిపెట్టిన సీత గంగలో దూకడం, కవలలను కనడం, భూదేవి, గంగ ఆమెను ఆదుకోవడం ఆ నాటకంలోని కథ. ప్రేక్షకుల్లో కూర్చున్న రాముడు తన చేత జరిగినది తన కళ్లతో చూసి మూర్ఛపోతాడు. సీత స్పర్శతో తేరుకుంటాడు, ఇద్దరూ కలుస్తారు. తన ఇంటి దుఃఖాన్ని కళగా చూడడం మనిషిని ఎంతగా కదిలించగలదో, ఎంత మార్చగలదో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకడం కష్టం.

శోకం కళలోకి వచ్చేసరికి ఎందుకు భరించగలిగేదిగా మారుతుంది? భరతుడు నాట్యశాస్త్రంలో శోకాన్ని స్థాయీభావంగా, కరుణను దాని నుంచి పుట్టే రసంగా చెప్పాడు. కశ్మీరానికి చెందిన భట్టనాయకుడు దీన్ని సాధారణీకరణం అన్న భావనతో వివరించాడు. రంగస్థలం మీది దుఃఖం నాదీ కాదు, పక్కవాడిదీ కాదు, శత్రువుదీ కాదు. ఎవరి సొంతమూ కానందువల్ల దాన్ని పారిపోకుండా చూడగలం. అభినవగుప్తుడు ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. తరగతి గదిలో సినిమాకు ఉన్న విలువకు తాత్విక ఆధారం ఇదే. తన ఇంటి సంగతి నోరు విప్పి చెప్పలేని పిల్ల, తెర మీది ఇంటి సంగతి ధైర్యంగా మాట్లాడగలదు.

మహాభారతం స్త్రీపర్వంలో మరో ఘట్టం ఉంది. యుద్ధం ముగిశాక గంగ ఒడ్డున చనిపోయినవాళ్లకు నీళ్లు వదులుతున్నారు. అప్పుడు కుంతి పాండవులతో కర్ణుడు మీ అన్న, అతనికీ తర్పణం వదలండని చెబుతుంది. పసికందుగా నీటిలో వదిలేసిన కొడుకు గురించి తల్లి నోట నిజం నలుగురిలో వచ్చింది ఆ కర్మ దగ్గరే. ధర్మరాజు అన్నకు తర్పణం వదిలాడు. అయితే ఇంతకాలం దాచినందుకు తల్లి మీద వచ్చిన కోపం మాత్రం ఆరలేదు. శాంతిపర్వంలో స్త్రీల నోట రహస్యం దాగకూడదని శపించాడు. చనిపోయినవాడికి చేయవలసింది చేశాడు, బతికున్న తల్లితో మనసు కలవలేదు. తిక్కన తెనిగించిన పర్వాల్లో ఈ రెండూ ఉన్నాయి కనుక తెలుగు పాఠకుడికి ఈ కథ శతాబ్దాలుగా పరిచయమే.

తెలుగు తెర మీద ఇంటి గాయం

తెలుగు సినిమా ఈ బాటలోనే నడిచింది. సి. పుల్లయ్య 1934లో లవకుశ తీశారు. 1963లో ఆయన, ఆయన కుమారుడు సి.ఎస్. రావు కలిసి మళ్లీ తీసిన లవకుశ తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం. అందులో అంజలీదేవి సీతగా భూమిలోకి వెళ్లిపోయే ఘట్టం చూసి పల్లెలు పల్లెలే కన్నీరు పెట్టుకున్నాయి. 2011లో బాపు శ్రీరామరాజ్యం తీసినప్పుడూ సీత తిరిగి రాలేదు. సుఖాంతాన్ని అంతగా ఇష్టపడే ప్రేక్షకులు ఈ ఒక్క కథలో మాత్రం రాజీ కోరలేదు. భర్త విడిచిపెట్టిన భార్యకు తిరిగి రాకుండా ఉండే హక్కు ఉందని వాళ్ల మనసు ఒప్పుకుంది. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ కర్ణుడి వైపు నిలబడి, పుట్టుకలోనే తల్లి వదిలేసిన వాడి వేదనను ఇంటింటికీ చేర్చింది.

సాంఘిక చిత్రాల్లో కె. విశ్వనాథ్ స్వాతికిరణం (1992) గురుశిష్యుల బంధంలోని హింసను చూపించింది. అనంతరామశర్మ గొప్ప సంగీత విద్వాంసుడు. పిల్లలు లేని ఆ ఇంట్లో గంగాధరం కొడుకులా పెరుగుతాడు. పిల్లవాడి ప్రతిభ చూసి గురువులో పుట్టిన అసూయ చివరికి ఆ పసివాడు తన ప్రాణం తానే తీసుకునేదాకా వెళుతుంది. గురువు తండ్రితో సమానమని నేర్పిన సంప్రదాయంలోంచే, ఆ తండ్రి స్థానం ఎంత ప్రమాదకరమైనదో చెప్పిన చిత్రం ఇది.

భాస్కర్ దర్శకత్వంలో వచ్చిన బొమ్మరిల్లు (2006) గాయానికి మరో రూపం. ఇక్కడ తండ్రి దుర్మార్గుడు కాడు. కొడుకు మీద ప్రేమ ఉంది, ఆ ప్రేమతోనే అన్నీ తానే నిర్ణయిస్తాడు. చివర్లో సిద్ధు తండ్రి ఎదుట నిలబడి, తన ఇష్టం అడగకుండా జరిగిపోయినవాటిని ఒక్కొక్కటిగా చెబుతాడు. తిట్టడు, తిరగబడడు, తాను పోగొట్టుకున్నదేమిటో చెబుతాడు. తండ్రి వింటాడు. ఆ వినడం వల్లే ఆ ఘట్టానికి అంత బలం వచ్చింది.

బలగం: కర్మ ముందు నిలబడిన కుటుంబం

వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023 మార్చి 3న విడుదలైన బలగం ఈ వరుసలో ప్రత్యేకమైనది. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో ముసలాయన కొమురయ్య చనిపోతాడు. మనవడు సాయిలు అప్పుల్లో ఉన్నాడు. అతని పెళ్లి దగ్గరపడిన వేళ ఈ చావు. కూతురు లక్ష్మి ఏళ్ల తరబడి పుట్టింటికి దూరంగా ఉంది. దానికి మూలం విందులో నల్లి బొక్క (మూలుగు ఎముక) దగ్గర అల్లుడికీ బావమరుదులకూ వచ్చిన మాట పట్టింపు. బయటివాళ్లకు నవ్వొచ్చేంత చిన్న సంగతి. కాని ఆ ముక్క చుట్టూ అల్లుడి మర్యాద, ఆడపడుచు గౌరవం, ఎవరు ముందు తగ్గాలన్న పంతం అల్లుకుపోయాయి. కుటుంబాల్లో తెగతెంపులు చాలావరకు ఇలాంటి చిన్న సంగతుల దగ్గరే మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడతాయి.

తెలంగాణ పల్లెల్లో చావు తర్వాత పిట్టకు పెట్టడం ఆచారం. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, ఇంటివాళ్లంతా దూరంగా జరిగి ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముద్ద ముట్టుకుంటే పోయినవాడి మనసు తృప్తి పడిందని నమ్మకం. సినిమాలో పిట్ట ముట్టదు. కొమురయ్యకు ఏం తక్కువైందని ఇంటివాళ్లు వెతుకుతారు. వంటలు మారుస్తారు, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు, ఊరు గుసగుసలాడుతుంది. ముసలాయన కోరింది తిండి కాదని, తన పిల్లలు ఒక్కటి కావడమని వాళ్లకు అర్థమవడానికి పదకొండో రోజు దాకా పడుతుంది. చివరి ఘట్టంలో బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే కథాగానం ఇంటివాళ్ల ముందు ఇంటివాళ్ల కథనే పెడుతుంది. కుశలవులు రాముడి సభలో చేసిన పని ఇక్కడ ఊరి కళాకారులు చేశారు.

ఈ చిత్రాన్ని చాలా ఊళ్లలో వీధిలో పెద్ద తెర కట్టి ప్రదర్శించారు. చూశాక ఏళ్లుగా మాటలు లేని అన్నదమ్ములు కలిశారని పత్రికలు రాశాయి. ఇందులోని పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీతరచయితగా 71వ జాతీయ చలనచిత్ర పురస్కారం అందుకున్నారు.

బలగం కర్మకాండకు ఇచ్చిన అర్థం లోతైనది. కర్మ పోయినవాడి కోసం చేసేదే అయినా, అది చెల్లాలంటే బతికున్నవాళ్ల మధ్య నిజం ఉండాలి. అయితే ఈ అర్థంలో ఒక చిక్కు కూడా ఉంది. పిట్ట ముట్టాలంటే అందరూ కలవాలన్నప్పుడు, కలవలేనివాళ్ల మీద తప్పు పడుతుంది. పంతంతో దూరమైన బావకు ఈ న్యాయం సరిపోతుంది. కొట్టిన తండ్రి నుంచి పారిపోయిన కూతురికి ఇది సరిపోతుందా? పాఠం మొదలు కావలసింది ఈ ప్రశ్న దగ్గరే.

ఋణమూ క్షమా: మతాల సమాధానాలు

వైదిక సంప్రదాయంలో మనిషి ఋణాలతో పుడతాడు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని తైత్తిరీయ సంహిత మూడు చెబుతుంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి భయాల్లో ఒకటి, కులం నశిస్తే పితరులకు పిండోదకాలు అందవన్నది. ఈ భావన ప్రకారం తల్లిదండ్రులతో బంధం మనం ఎంచుకున్నది కాదు కాబట్టి వదులుకోగలిగిందీ కాదు. అయితే సంహిత మాటలో గమనించవలసింది ఒకటుంది. యజ్ఞంతో దేవఋణం, బ్రహ్మచర్యంతో ఋషిఋణం తీరినట్టే, పితృఋణం సంతానంతో తీరుతుంది. అంటే ఆ బాకీ చెల్లేది ముందు తరానికి. ఇంట్లో దెబ్బలు తిన్న మనిషి తన పిల్లల మీద చెయ్యి ఎత్తకుండా ఉంటే, కొట్టిన తండ్రితో రాజీ పడకపోయినా పితృఋణంలో పెద్ద భాగం తీర్చినట్టే. సంప్రదాయాన్ని తోసిపుచ్చకుండా గాయపడినవాడికి ఊపిరి తీసుకునే చోటు ఇచ్చే చదువు ఇది.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో తండ్రి పరుగెత్తి వెళ్లి చిన్న కొడుకును కౌగిలించుకుంటాడు. ఇంటిపట్టునే ఉన్న పెద్ద కొడుకు అలిగి విందుకు రాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలతాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడా లేదా అన్నది ఉపమానం చెప్పదు. క్షమ ఒకరి కోసం తలుపు తెరిస్తే మరొకరికి పరాయితనం పుట్టవచ్చని ఆ కథకు తెలుసు.

ఖురాను 12వ సూరాలో యూసుఫ్ తనను బావిలో పడేసిన అన్నలను క్షమిస్తాడు. బైబిలు ఆదికాండంలో యోసేపు కథ కూడా ఇదే. రెండింటిలోనూ క్షమించే నాటికి అతను అధికారంలో, భద్రంగా ఉన్నాడు. అన్నలు తమ తప్పు ఒప్పుకున్నారు. నిస్సహాయుడిగా బావిలో ఉన్న పిల్లవాడిని క్షమించమని ఎవరూ అడగలేదు.

బౌద్ధ వినయంలో ఒక ఘట్టం ఈ చర్చకు చాలా దగ్గరిది. బుద్ధుడు కపిలవస్తుకు వచ్చినప్పుడు కొడుకు రాహులుడు తన వారసత్వం అడిగితే, అతన్ని సంఘంలో చేర్చుకున్నారు. కొడుకు తర్వాత మనవడూ దూరమైన శుద్ధోదనుడు తన బాధ చెప్పుకుని, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకు దీక్ష ఇవ్వవద్దని కోరాడు. బుద్ధుడు దాన్ని నియమంగా పెట్టాడు. జరిగినది వెనక్కి తిరగలేదు; కాని ఒక ముసలి తండ్రి గాయం తర్వాతివాళ్లకు రక్షణగా మారింది.

పుప్పాలగూడ తరగతి గది

ఈ ప్రశ్నలు హైదరాబాదు శివార్లలోని పుప్పాలగూడ లాంటి చోట మరింత దగ్గరగా తగులుతాయి. రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలోని ఈ ఊరు 2018లో ఏర్పడిన మణికొండ మున్సిపాలిటీలో భాగమైంది. ఒకవైపు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, మరోవైపు నార్సింగి, కోకాపేట. పొలాలు, రాళ్ల గుట్టలు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇక్కడి బడుల్లో కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, ఉత్తర తెలంగాణ నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఐటీ ఉద్యోగుల పిల్లలు ఉంటారు. పాత ఊరివాళ్ల పిల్లలు, భవన నిర్మాణ కూలీల పిల్లలు కూడా ఉంటారు. తాత చనిపోతే సెలవు దొరికినన్ని రోజులే ఊళ్లో ఉండి తిరిగొచ్చే ఇళ్లు, అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో పదకొండో రోజు చూసే ఇళ్లు ఇక్కడ మామూలే.

భూమి ధర కూడా ఈ గాయాల్లో ఒక పాత్ర. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఒకప్పుడు మాట మీద పంచుకున్న చెలక ఇప్పుడు కోర్టు మెట్లెక్కిస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ చట్టం హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణతో కూతుళ్లకు ఈ హక్కు దేశమంతటా వచ్చింది. చట్టం హక్కు ఇచ్చింది. ఆ హక్కు అడిగిన ఆడపడుచుకు పుట్టింటి తలుపు తెరిచి ఉంచే పని చట్టం చేతిలో లేదు.

ఈ ప్రాంతంలో విలువల బోధనకు ఒక పునాది ఇప్పటికే ఉంది. 1998లో మొదలైన గచ్చిబౌలి ఐఐఐటీ మానవ విలువలను చదువులో భాగం చేసింది. ఆ తర్వాత అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నమూనా పాఠ్యప్రణాళికలో మానవ విలువల కోర్సుకు చోటిచ్చింది. అందులో కుటుంబంలో సామరస్యం ఒక ముఖ్య భాగం. నమ్మకాన్ని బంధాలకు పునాదిగా చెబుతుంది. సామరస్యం ఎలా ఉండాలో చెప్పే ఆ పాఠానికి, అది ఎందుకు చెదిరిందో చూపించే సినిమా సరైన జత. చెదిరిన ఇంటిని చూడకుండా నేర్చుకున్న సామరస్యం పరీక్ష పేపరు దాటి రాదు.

పాఠం నడిచే తీరు

ఉన్నత పాఠశాల పై తరగతులకు, ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు మూడు పీరియడ్లలో ఈ పాఠం నడపవచ్చు. మొదటి రోజు బలగంలో పిట్టకు పెట్టే ఘట్టం ఒక్కటే చూపించాలి. విద్యార్థులు అభిప్రాయాలు రాయకూడదు, కనిపించినదే రాయాలి. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరు ఎవరి వైపు చూడలేదు, విస్తరి ఎవరు పెట్టారు, ముందుగా మాట్లాడింది ఎవరు. నిలబడే దూరంలోనే ఆ ఇంటి చరిత్ర ఉందని పిల్లలు తామే కనిపెడతారు.

రెండో రోజు పోలిక. స్త్రీపర్వంలో కుంతి ఘట్టం, లవకుశ ముగింపు, సత్యజిత్ రే అపరాజితో (1956) చివరి భాగం బలగం పక్కన పెట్టాలి. అపరాజితోలో చదువు కోసం కలకత్తా వెళ్లిన అపు క్రమంగా తల్లి సర్వజయకు దూరమవుతాడు. ఆమె జబ్బు సంగతి దాస్తుంది. అతను వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఊళ్లో పౌరోహిత్యానికి ఉండిపోకుండా, కర్మ కలకత్తాలోనే చేస్తానని బయల్దేరతాడు. ఇక్కడ దుర్మార్గుడెవరూ లేరు; చదువే తల్లీకొడుకులను దూరం చేసింది. ఉద్యోగం కోసం ఊరు వదిలి పుప్పాలగూడ చేరిన తల్లిదండ్రుల పిల్లలకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు.

మూడో రోజు నల్లబల్ల మీద మూడు గడులు: నిజం, క్షమ, సహవాసం. ఒక్కో పాత్రకు ఏది జరిగిందో, ఏది జరగలేదో నింపాలి. కర్ణుడి విషయంలో నిజం ఆలస్యంగా వచ్చింది, సహవాసానికి చోటే లేకపోయింది. సీత విషయంలో నిజం నిలిచింది, సహవాసాన్ని ఆమె వద్దంది. క్షమించిందా అన్నది చర్చకు వదలాలి. బలగంలో మూడూ జరిగాయి. అపుకు క్షమ అడిగే సమయమే దొరకలేదు. బొమ్మరిల్లులో తండ్రి వినడంతో నిజం నుంచి సహవాసానికి దారి పడింది. ప్రతి గడి దగ్గరా ఒకే ప్రశ్న వేయాలి: ఇక్కడ ఎవరికి ఎంత బలం ఉంది? బలం ఉన్నవాడు తగ్గితే అది వినయం. బలం లేనివాడిని తగ్గమంటే అది మరో దెబ్బ. ఈ తేడా పట్టుకున్న విద్యార్థి క్షమను గౌరవిస్తూనే, దాన్ని ఎవరి మీదా రుద్దకూడదని తెలుసుకుంటాడు.

హద్దులు

ఈ పాఠానికి కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి. మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పమని విద్యార్థిని అడగకూడదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం పనిచేసేది కథ ఎవరి సొంతమూ కానంతవరకే. సొంత కథ బయటపెట్టమన్న క్షణంలో ఆ రక్షణ పోతుంది. స్వాతికిరణంలో లాగా పిల్లవాడి ఆత్మహత్య ఉన్న చిత్రాలను ముందుగా చెప్పకుండా చూపించకూడదు. చిన్న తరగతుల్లో అసలే వద్దు. 2024 నుంచి అమల్లో ఉన్న యూఏ 7+, 13+, 16+ వర్గీకరణను పాటించాలి. విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులకే పరిమితమైన ప్రదర్శనకు 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది.

ఉపాధ్యాయుడు మానసిక వైద్యుడు కాడు. ఒక విద్యార్థి తనంతట తానే బాధ చెప్పుకుంటే శ్రద్ధగా వినాలి, నలుగురిలో చర్చకు పెట్టకూడదు, అవసరమైతే టెలి మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 వైపు దారి చూపాలి. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. కుటుంబ పరువు అన్న మాట అక్కడ చెల్లదు.

పాఠం చివర అందరూ ఒకే సమాధానానికి రావాలని చూడడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. వాల్మీకీ భవభూతీ ఒకే కథకు రెండు ముగింపులు రాశారు. రెండింటినీ సంప్రదాయం తలకెత్తుకుంది. ఇంటి గాయం మానడానికి కొందరికి కలయిక కావాలి, కొందరికి దూరం కావాలి. దేనికైనా ముందు నిజం కావాలి. ఆ నిజాన్ని భయం లేకుండా చూడడం నేర్పగలిగితే సినిమాకు తరగతి గదిలో గౌరవమైన స్థానం ఇవ్వడానికి అది చాలు.